అందరి గిటారు

డైకెమాల ఇంట్లో కోపం వస్తే గిన్నెలు తోముతారు. ఎవరూ గొంతు పెంచరు, తలుపులు విసిరికొట్టరు. ట్రీనా వాళ్ళమ్మకు ఒళ్ళు మండిన రోజు కడిగిన గిన్నెలనే మళ్ళీ తొట్టిలో వేసి కడిగేది. ఆ చప్పుడు విని వాళ్ళ నాన్న రబ్బరు బూట్లు తొడుక్కుని, పని ఉన్నా లేకపోయినా బ్లూబెర్రీ తోటలోకి వెళ్ళిపోయేవాడు. ఆ ఒక్క ఇంట్లోనే కాదు, మిషిగన్ సరస్సుకు ఈ ఒడ్డునున్న ఊళ్ళన్నిటిలోనూ అదే పద్ధతి. ముత్తాతలు హాలండ్ నుంచి ఓడెక్కి వస్తూ వెంట తెచ్చుకున్నవాటిలో చాలావరకు అరిగిపోయాయి కానీ, చర్చీ, పొదుపూ, పెదవి బిగించుకోవడమూ మాత్రం చెక్కుచెదరలేదు.

అందుకే ఆ జనవరి మధ్యాహ్నం కాలేజీ హాస్టల్ గదిలోకి అడుగుపెట్టి, కిటికీ కింది ఆవిరి హీటరుకు ఆనించి ఉన్న తన గిటారును చూసినప్పుడు ట్రీనాకు ఏం చెయ్యాలో తోచలేదు. గదిలో తోమడానికి గిన్నెల్లేవు. ఒక కాఫీ కప్పు ఉంది. దాన్ని పట్టుకెళ్ళి నడవ చివర కుళాయి కింద, పూలబొమ్మ చెరిగిపోతుందేమో అన్నంతగా రుద్ది కడిగింది. తిరిగొచ్చి చూస్తే గిటారు అలాగే ఉంది.

ముందువైపు పలక చీలిపోయింది. తీగలు బిగించే బ్రిడ్జి దగ్గర పెన్సిల్ గీతలా మొదలైన చీలిక, కింది అంచుకు వచ్చేసరికి గోరు దూరేంత అయింది. బ్రిడ్జి ఒక పక్క లేచి నోరు తెరుచుకుంది. చేతిలోకి తీసుకుంటే లోపల ఊడిన పుల్ల ఏదో గలగలమంది.

జరిగింది చెప్పడానికి గదిలో ఆమెతో పాటు ఉండే లెస్లీ స్లాగర్ మంచం మీద మోకాళ్ళు ముడుచుకుని సిద్ధంగా కూర్చుంది.

"బ్రెట్ తెచ్చి పెట్టాడే. నిన్న పాటల కూటానికని తీసుకెళ్ళాడు గదా..."

"తీసుకెళ్ళాడు గదా ఏంటే? నాకెవరు చెప్పారు?"

"నువ్వు లైబ్రరీలో ఉన్నావు. తలుపు తీసే ఉంది మరి. ఆ తర్వాత కారు డిక్కీలో మర్చిపోయాడంట. పొద్దున చూస్తే మంచుగడ్డలా ఉందని, పాపం, కాస్త వెచ్చబడుతుందని అక్కడ పెట్టాడు."

"పాపమా!"

"గిటారుని పాపం అన్నానే. వాణ్ణి కాదు."

"గడ్డకట్టిన చెక్కని తీసుకొచ్చి హీటరుకి ఆనిస్తారా ఎవరైనా?"

లెస్లీ ఒక్క క్షణం ఆలోచించింది. "గ్లవ్స్ పెడతాం కదా," అంది.

నిజమే, పెడతారు. ఆ ఊళ్ళలో పుట్టిన ప్రతివాళ్ళూ ఊహ తెలిసినప్పటి నుంచీ తడిసిన గ్లవ్స్, మేజోళ్ళు, టోపీలు, ఆఖరికి గట్టిపడిన రొట్టెను కూడా హీటరు మీదే పెడతారు. చల్లబడిన ఏ వస్తువైనా అక్కడ కాసేపుంటే బాగుపడుతుందని వాళ్ళ గట్టి నమ్మకం. బ్రెట్ హోల్‌వెర్డా తన గ్లవ్స్‌కు ఏం చేస్తాడో ట్రీనా గిటారుకూ అదే చేశాడు. అవి తన గ్లవ్స్ కావన్న సంగతొక్కటే అతనికి తట్టలేదు.

ఆ గిటారు విల్మా పిన్నిది. వేళ్ళ కీళ్ళు వాచి ఇక తీగ నొక్కలేనని తేలాక, ట్రీనాకు పన్నెండేళ్ళప్పుడు ఇచ్చేసి, తను అరిజోనా ఎండలో కీళ్ళు కాచుకోవడానికి వెళ్ళిపోయింది. ట్రీనాది ఎడమచేతి వాటం. గిటారేమో కుడిచేతివాళ్ళది. ఇంట్లో ఉన్నది ఒక్క గిటారే కాబట్టి మారాల్సింది పిల్లే తప్ప గిటారు కాదు. మారింది. కుడిచేత్తో తీగలు మీటడం ఆమెకు ఎప్పుడూ పూర్తిగా పట్టుబడలేదు. తాళం ఎక్కడో కాస్త కుంటేది. కానీ తీగలు నొక్కే ఎడమచెయ్యి మాత్రం పిన్ని చేతికంటే బలంగా తయారైంది. ఆ కుంటుతాళానికి తగ్గట్టే సొంతంగా పాటలు కట్టుకుంది. ఎవరికీ వినిపించలేదు. అంతస్తంతా భోజనానికి వెళ్ళినప్పుడు గదిలో ఒక్కతే కూర్చుని, తనకు తానే వినిపించుకునేది.

అలాంటి ఖాళీ దొరకడమే కష్టం. ఆ కాలేజీలో అబ్బాయిలు అమ్మాయిల అంతస్తుకు రావడానికి కొన్ని వేళలు కేటాయించారు. ఆ వేళల్లో గది తలుపు బార్లా తెరిచి ఉండాలి. పిల్లల శీలం కాపాడటానికి పెద్దలు పెట్టిన నియమం అది. శీలం సంగతేమో గానీ, తెరిచిన తలుపు వెనక గోడకు గిటారు తగిలించి ఉన్న గది చలివేంద్రంతో సమానమైపోయింది. దారినపోయే ప్రతివాడూ లోపలికొచ్చి, పలకరింపుగా తలూపి, గిటారు దించి, ఆ వయసు వాళ్ళందరికీ వచ్చే ఆ నాలుగు కార్డుల స్వరాలే వాయించి, కిటికీలోంచి మంచును చూస్తూ ఒక నిట్టూర్పు విడిచి, వెళ్ళేముందు తీగలు బిగించే చెవులు కాస్త మెలిపెట్టి శ్రుతి చెడగొట్టి పోయేవాడు. ఒకసారి గిటారు కడుపులోంచి బంగాళాదుంప చిప్స్ రాలాయి. ట్రీనా అన్నిటికీ నవ్వేది. "ఫర్వాలేదు" అనేది. ఇంట్లో నేర్చుకున్న మాట అదొక్కటే.

ఆమె కోరింది గొప్పదేం కాదు. తను పెట్టిన చోట, పెట్టినట్టే, తిరిగొచ్చేసరికి ఉండే వస్తువు ఒక్కటి కావాలనుకుంది. అంతే.

బ్రెట్ మర్నాడు భోజనశాలలో దొరికాడు. ఆమె వెతుక్కుంటూ వెళ్ళలేదు, అతనే వచ్చాడు. పొడుగ్గా, నున్నగా దువ్విన తలతో, బుధవారం చాపెల్‌లో ప్రార్థన పాటలు నడిపించేటప్పుడు పెట్టే మొహమే పెట్టుకుని, బఠానీ సూపు ట్రే ఆమె బల్ల మీద పెట్టి, అందరూ చూస్తుండగా ఆమె ఎదుట మోకాలి మీద కూర్చున్నాడు.

"ట్రీనా, నిన్నటి నుంచీ నా మనసు మనసులో లేదు. నన్ను క్షమిస్తావా?"

బల్ల చుట్టూ చెంచాలు ఆగిపోయాయి. పక్క బల్లవాళ్ళు కూడా ఇటు తిరిగారు. ట్రీనా నోరు తెరిచింది. ఆ నోట్లోంచి, ఆమె ప్రమేయం లేకుండానే, "ఫర్వాలేదు" అన్న మాట ఊడిపడింది.

ఎవరో చప్పట్లు కొట్టారు. బ్రెట్ ఆమె భుజాలు దగ్గరికి తీసుకుని, కళ్ళు తుడుచుకుని, లేచి వెళ్ళి సూపు తాగాడు. శుభ్రంగా, ఆకలిగా తాగాడు. ఆ ఆకలి చూశాక ట్రీనాకు కోపం నషాళానికంటింది. వాడి మీద సగం, తన నోటి మీద సగం. పైగా ఆ క్షణం నుంచి ఆమె కోపానికి చోటే లేకుండా పోయింది. క్షమించిన మనిషికి కోపమెందుకుంటుంది? మొహం ముడుచుకుంటే లెస్లీ, "ఇంకానా?" అనేది. అన్నం మానేస్తే, "వాడు అడిగాడు గదే పాపం," అనేది.

ఇక సలహాలు మొదలయ్యాయి. కొత్త గిటారు ఎలాంటిది కొనాలో చెప్పనివాళ్ళు ఆ అంతస్తులో లేరు.

"హాస్టల్లో అసలు చెక్కది పెట్టుకోకూడదమ్మా," అంది అంతస్తు బాధ్యత చూసే జోడీ. చివరి సంవత్సరం చదువుతున్న ఆమె అందరినీ అమ్మా అనే పిలిచేది. "ప్లైవుడ్‌ది తీసుకో. చలికీ వేడికీ చలించదు. పడినా పగలదు."

"కార్బన్‌వి కూడా వస్తున్నాయంట, ప్లాస్టిక్ బక్కెట్‌లా," అంది ఎదురుగదిలో ఉండే అమ్మాయి. "తన్నినా ఏం కాదు."

"ఎవరు తంతారు?" అని అడిగింది ట్రీనా.

"మాటవరసకన్నానే."

"కాదు, చెప్పు. నా గదిలో నా గిటారుని ఎవరు తంతారు?"

ఆ అమ్మాయి జోడీ వంక చూసింది. జోడీ, "కోపంగా ఉన్నావమ్మా," అంది, జ్వరంగా ఉన్నావన్నంత సానుభూతితో.

ఇదీ ఆమెను దహించేది. మనుషుల గురించి మాట్లాడుతూ ఎండావానల గురించి మాట్లాడినట్టు మాట్లాడతారేం వీళ్ళు? మంచు కురుస్తుంది, హీటరు కాలుతుంది, బ్రెట్ తీసుకెళతాడు. ఏదీ ఎవరి చేతుల్లోనూ లేదు. కనుక మారాల్సింది గిటారే. తోలు మందంగా ఉన్న గిటారొకటి తెచ్చుకోవాలి.

మరుసటి బుధవారం చాపెల్‌లో ఆమెకు తెలియకుండానే కానుక పట్టారు. సాయంత్రం జోడీ, లెస్లీ, ఇంకో నలుగురు నీలం రిబ్బను కట్టిన కవరొకటి తెచ్చి ఆమె చేతిలో పెట్టారు. "అందరం తలా కాస్త వేశాం. కొత్త గిటారుకి," అంటూ లెస్లీ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. అవి నిజమైన కన్నీళ్ళే. ఇంత మంచివాళ్ళ మీద ఇన్నాళ్ళూ పళ్ళు నూరానే అని ట్రీనా తనను తనే తిట్టుకుంది.

శనివారం గిటారు కొనడానికి బ్రెట్ కారులోనే వెళ్ళారు. తనే తీసుకెళ్ళి ఇప్పిస్తే తప్ప మనసు నిమ్మళించదన్నాడు. ట్రీనా వెనక సీటులో కూర్చుంది. వీపు వెనకే డిక్కీ. ఆ రాత్రి అందులో పిన్ని గిటారు ఎంత చల్లబడి ఉంటుందోనని దారి పొడవునా ఆలోచించింది. ముందు సీట్లో బ్రెట్, లెస్లీ రేడియోతో కలిసి పాడుతున్నారు.

పాత ఫర్నిచరు గిడ్డంగిలో ఉంది ఆ దుకాణం. యజమాని హార్వ్ జైల్‌స్ట్రాకు అరవై దాటి ఉంటాయి. ముక్కు మీద కళ్ళజోడు, నోట్లో పెప్పర్‌మింట్ బిళ్ళ.

"పేరు?"

"ట్రీనా డైకెమా."

"ఏ డైకెమాలు? కోళ్ళఫారం వాళ్ళా, బ్లూబెర్రీ వాళ్ళా?"

"బ్లూబెర్రీ."

"అమ్మ పుట్టింటివాళ్ళో?"

"వైర్‌స్మాలు."

హార్వ్ బిళ్ళను ఒక బుగ్గలోంచి ఇంకో బుగ్గలోకి మార్చి, పైకప్పు వంక చూస్తూ లెక్క కట్టాడు. "అయితే మా ఆవిడా మీ అమ్మా అన్నదమ్ముల పిల్లలు. నేను నీకు బాబాయిని. ఏ పెళ్ళికీ రారేం మీరు?" బంధుత్వం తేలాక గానీ ఆ ఊళ్ళలో ఏ బేరమూ మొదలవదు. "సరే. ఏం కావాలి?"

"గదిలో పెట్టుకోవడానికి ఒక గిటారు," అంది ట్రీనా.

ఆయన ఆమె కూర్చున్నప్పుడు ఒళ్ళో ఎంత చోటుందో చూసి, నడుము సన్నంగా ఉన్న చిన్న గిటారొకటి దించి ఇచ్చాడు. అది ఒళ్ళో పిల్లిలా ఒదిగింది. మెల్లగా మీటినా పలికింది, ఇరుకు గదిలో పక్కమంచం మీద మనిషి నిద్రపోతున్నా వాయించుకునేంత మెత్తగా. తర్వాత ప్లైవుడ్‌ది ఇచ్చాడు. దానికి ఏం చేసినా ఏం కాదు. మీటినా ఏం కాలేదు. శబ్దం పెట్టెలోంచి బయటికి రావడానికి బద్ధకించింది. ట్రీనా చిన్నదాన్ని మళ్ళీ అందుకుని పాట మొదలుపెట్టబోతుంటే, వెనక నుంచి గోడలు అదిరేలా ఒక మోత మొదలైంది.

బ్రెట్ అందరికంటే పెద్ద గిటారు మెళ్ళో వేసుకుని నిలబడి, బుధవారం పాడే పాటే వాయిస్తున్నాడు. దానికి పెద్ద కడుపు, పక్కన స్పీకరు వైరు గుచ్చుకోవడానికి చిల్లు.

"ఇదీ గిటారంటే!" అన్నాడు. "ట్రీనా, విన్నావా? చివరి వరస దాకా వెళుతుంది."

"ఏ చివరి వరస?"

"చాపెల్ చివరి వరస."

"నాకు గదిలోకి కదా."

"గదిలోకే. ఎవరు కాదన్నారు? గదిలోనే ఉంటుంది. బుధవారం మాత్రం..." అని, సాయానికి లెస్లీ వంక చూశాడు.

లెస్లీ వేళ్ళు మెలిపెట్టుకుంది. "అంటే, చాపెల్‌లో అలా చెప్పి పట్టారే కానుక. మన అంతస్తు గిటారుకని. నీ దగ్గరే ఉంటుంది అనుకో. అందరం ఇచ్చాం గదా మరి."

దుకాణంలో హీటరు బుసకొడుతోంది. ట్రీనా ఆ రిబ్బను కవరును చూసింది. పోయిన గిటారు తనది. వచ్చేది అందరిదీ. పగలగొట్టినవాడు క్షమాపణ పుచ్చుకుని సూపు తాగాడు, ఇప్పుడు కొత్త గిటారు కూడా పుచ్చుకుంటున్నాడు. ఇంత చక్కగా, ఇంత ప్రేమగా తన వస్తువును తన చేతిలోంచి తీసుకోవడం ఇంకెవరి వల్లా కాదు. కోపంతో ఆమెకు చెవులు హోరుమన్నాయి. చుట్టూ చూసింది. తోమడానికి ఇక్కడా ఏం లేదు.

అప్పుడు కనిపించింది ఇంకో గిటారు, గోడ చివర, మూలన, అద్దాల బీరువా పక్కన. అదీ చిన్నదే. కానీ ఏదో తేడాగా ఉంది. అద్దంలో చూసుకున్న మొహంలా.

"అది?"

"అది ఎడమచేతివాళ్ళది," అన్నాడు హార్వ్. "ఎవరో చేయించమని చెప్పి, తీసుకెళ్ళలేదు. నాకు గుదిబండయి కూర్చుంది."

ట్రీనా లేచి వెళ్ళి దించుకుంది. జీవితంలో మొదటిసారి గిటారు మెడ కుడిపక్కకు చాచి పట్టుకుంది. ఎడమచెయ్యి తనంతట తనే తీగల మీదికి వచ్చింది. ఒక్కసారి మీటింది. చెయ్యి తేలిగ్గా, కుంటకుండా పైనుంచి కిందికి జారింది. కుడిచేతి వేళ్ళు మాత్రం మెడ మీద ఎక్కడ పడాలో తెలియక పీతల్లా పాకాయి. వచ్చిన పాట ఒక్కటీ రాలేదు.

"ఏదీ, ఇలా ఇవ్వు," అని బ్రెట్ చెయ్యి చాచడం, తీసేసుకోవడం ఒకేసారి జరిగాయి. మెళ్ళో వేసుకుని, వేళ్ళు పెట్టి, మీటాడు. పెంకులు దొర్లినట్టయింది. మళ్ళీ మీటాడు. "ఇదేంటి, అంతా తిరగబడింది! పైతీగ కిందుంది!"

ట్రీనా నవ్వింది. గిటారు పగిలినప్పటి నుంచి అదే మొదటి నవ్వు. మంచి నవ్వు కాదు.

"బాబాయ్, ఇది ఇవ్వండి."

హార్వ్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "ఒక మాట చెప్పనీ. ఇన్నేళ్ళు నేర్చుకున్నదంతా వదులుకోవాలమ్మాయ్. చేతులకి మళ్ళీ ఓనమాల దగ్గర్నుంచి చెప్పుకోవాలి. చిన్నపిల్లలా వాయిస్తావు చాలాకాలం. పైగా ఇది అసలు చెక్క. చలికాలం పెట్టెలో పెట్టి, చెక్క ఎండిపోకుండా తడి స్పాంజి పక్కన ఉంచి, మూత వెయ్యాలి. గోడకి తగిలిస్తే చీలిపోతుంది."

"పెట్టెకి తాళం ఉంటుందా?"

"ఉంటుంది."

"ఇవ్వండి."

"ట్రీనా!" అంది లెస్లీ. "దీన్ని ఎవరూ వాయించలేరే!"

"అవును."

"నువ్వు కూడా!"

"అవును."

"మరెందుకే? కోపంలో కొంటున్నావు నువ్వు."

"కోపంలోనే కొంటున్నా. ఇంకెప్పుడు కొనాలి?" ట్రీనా కవరు తీసి, రిబ్బను విప్పకుండానే, లెస్లీ చేతిలో పెట్టింది. "ఇది తీసుకెళ్ళి జోడీకి ఇవ్వు. అంతస్తు గిటారు కావాలంటే అంతస్తు కొనుక్కుంటుంది. దీనికి నా బ్లూబెర్రీ డబ్బులున్నాయి." రెండు వేసవుల్లో నడుము విరిగేలా కోసి దాచుకున్న డబ్బు అది. వచ్చే వేసవి దాకా ఇక బూట్లు కొనుక్కోవడానికి కూడా ఉండదు.

ఆ ఊళ్ళలో అప్పు ఎగ్గొట్టినవాణ్ణి సహిస్తారు. తాగినవాణ్ణి ప్రార్థనలో తలుచుకుంటారు. ప్రేమతో ఇచ్చిన కానుక వద్దన్నవాళ్ళను ఏం చెయ్యాలో మాత్రం ఎవరికీ తెలియదు. తిరుగుదారిలో రేడియో పెట్టలేదు. ట్రీనా పెట్టెను డిక్కీలో పెట్టనివ్వక ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

వాళ్ళు హాస్టల్ చేరేలోపే హార్వ్ భార్య ద్వారా వార్త తోట దాకా వెళ్ళింది. గదిలో అడుగు పెట్టగానే ఫోను మోగింది.

"ఇచ్చింది వద్దన్నావట," అంది అమ్మ. వెనక గిన్నెల చప్పుడు వినిపిస్తోంది. "ఊరికే వచ్చినదాన్ని వద్దనడం మన ఇంటా వంటా లేదే! రేపు చర్చిలో నా మొహం ఎక్కడ పెట్టుకోను?"

"వాడు పిన్ని గిటారు పగలగొట్టాడమ్మా. హీటరు మీద పెట్టి."

గిన్నెల చప్పుడు ఆగింది. "విల్మా గిటారా? ఎవడు వాడు?"

"బ్రెట్ హోల్‌వెర్డా."

"కలప డిపో హోల్‌వెర్డాలా?"

"వాళ్ళే."

"చెక్కల మీద బతికే ఇంట్లో పుట్టి చెక్కని హీటరు మీద పెట్టాడా! వాళ్ళ తాత మా నాన్న దగ్గర నిచ్చెన పట్టుకెళ్ళాడు. ఇప్పటికీ తేలేదు. అడిగి కూడా పట్టుకెళ్ళలేదు, దొడ్డిగోడకుంటే ఎత్తుకుపోయాడు." గిన్నె ఒకటి తొట్టిలో వేసిన చప్పుడైంది. తర్వాత, "ఎడమచేతిది కొన్నావటగా," అంది అమ్మ. "ఆ మాట నాకు అప్పుడే తట్టాల్సింది." ఇంకేం అనకుండా ఫోను పెట్టేసింది.

అంతస్తులో మాత్రం ఎవరూ ఏమీ అనలేదు. అదే శిక్ష. ఎదురుపడితే చిరునవ్వు, తర్వాత చూపు తిప్పుకోవడం. సాయంత్రాలు తలుపు తీసి ఉన్నా అందరూ లోపలికి రావడం మానేశారు. ట్రీనా కుడిచేతి వేళ్ళు బొబ్బలెక్కాయి. ఒక కార్డు నుంచి ఇంకో కార్డుకు వెళ్ళడానికి గుమ్మం దాటే పసిబిడ్డంత అవస్థ. తన పాటలు తన నోటికి వస్తున్నాయి, చేతికి రావడం లేదు. పిన్ని గిటారుతో పాటు అవి కూడా చీలిపోయాయనిపించి, ఒకసారి బ్రెట్‌ను బూతులు తిట్టింది. గట్టిగానే తిట్టింది. లెస్లీ దుప్పటి ముసుగు పెట్టుకుంది.

ఆ వారమే జోడీ అందరినీ కింది హాల్లోకి పిలిచింది. సయోధ్య ప్రార్థన అని పేరు పెట్టింది. బ్రెట్ కూడా వచ్చాడు. గుండ్రంగా కూర్చున్నారు. పెప్పర్‌మింట్ బిళ్ళల సంచి చేతులు మారింది. జోడీ చేదు అనే మాట చాలాసార్లు వాడుతూ, మనసులో చేదు పెట్టుకున్న మనిషి గురించి పేరెత్తకుండా ప్రార్థించింది. చివర బ్రెట్ తల వంచుకునే, "ట్రీనా, నీకింకా మనసులో ఏదైనా ఉంటే, నన్ను మళ్ళీ క్షమించమని అడుగుతున్నా," అన్నాడు.

అందరూ కళ్ళు మూసుకుని ఆమె మాట కోసం ఎదురుచూశారు. బిళ్ళలు చప్పరించడం ఆగిపోయింది. ఆ మాట గొంతులోకి వచ్చేసింది కూడా. చిన్నప్పటి నుంచీ వచ్చే మాటే. ట్రీనా దాన్ని మింగేసింది.

"క్షమించను," అంది.

కళ్ళు తెరుచుకున్నాయి.

"ఇప్పుడు కాదు. ఎప్పుడో చెప్పలేను. క్షమాపణ ఇన్నిసార్లు అడిగావు బ్రెట్. అందరి ముందూ అడిగావు, మోకాలు వేసి అడిగావు. గిటారు మాత్రం ఒక్కసారీ అడగలేదు. నువ్వే కాదు, ఇక్కడున్న ఎవరూ అడగలేదు. నేనూ నవ్వుతూ కూర్చున్నాను, నాదీ తప్పే. కానీ చేదేంటి, చేదు? నా వస్తువు పగిలితే నాకు కోపం వచ్చింది. దానికి మీరు రిబ్బను కడితే ఎలా?" గొంతు వణికింది. ఏడుపేమో అనుకున్నారు కొందరు. ఏడుపు కాదు. "ఆ దుకాణంలో కూడా నా చేతిలోంచి లాక్కుని చూశావు."

బ్రెట్ మెడ దగ్గర్నుంచి ఎర్రబడటం మొదలై చెవుల దాకా పాకింది. చాపెల్ మొహం ఎక్కడికో పోయింది. ఇరవయ్యేళ్ళ కుర్రాడి మొహం, దెబ్బతిన్నది, బయటపడింది.

"నాకు నిజంగా తట్టలేదు," అన్నాడు. తర్వాత, తనలో తను మాట కూర్చుకుంటున్నట్టు, "మరి... ఆ కొత్తది ఒకసారి ఇస్తావా? తిరగేసి వాయించడం వస్తుందేమో చూస్తాను. ఇక్కడే, నీ ముందే."

గుండ్రంగా కూర్చున్నవాళ్ళందరి భుజాలూ ఒక్కసారిగా వదులయ్యాయి. అడిగాడు. అందరూ విన్నారు. ఇక కథ సుఖాంతమేనని జోడీ అప్పుడే చేతులు జోడించింది.

ట్రీనా అతన్ని తేరిపార చూసింది. మొదటిసారి అతను జవాబు కోసం ఆగి ఉన్నాడు. ఏ జవాబైనా రావచ్చునని అతని మొహంలో కనబడుతోంది.

"ఇవ్వను," అంది.

"ఇవ్వవా?"

"ఇవ్వను బ్రెట్. అడిగావు కాబట్టి చెప్తున్నా."

లెస్లీ నోట్లోంచి బిళ్ళ ఎగిరి తివాచీ మీద పడింది. నవ్వు ఆపుకోలేక రెండు చేతులతో మొహం కప్పుకుంది. ప్రార్థన ఎలా ముగించాలో తెలియక జోడీ, "ఆమెన్," అంది. ఎవరూ అందుకోలేదు. బ్రెట్ మాత్రం మెల్లగా తలూపాడు.

ట్రీనా మెట్లెక్కి గదిలోకి వచ్చి, పెట్టె తాళం తీసి, గిటారు ఒళ్ళో పెట్టుకుంది. కోపం తగ్గలేదు. బొబ్బలెక్కిన వేలితో తీగ నొక్కి మీటింది. సరిగ్గా నొక్కకపోవడంతో అది బుస్సుమంది. వేలు కాస్త జరిపి, ఇంకా గట్టిగా నొక్కి, మళ్ళీ మీటింది.